ఎంగిలి కాని ముద్ద

వార్షిక సంచికకు వ్యాసం ఇవ్వవలసినదని సంపాదకవర్గంవారు అడిగినప్పుడు, తెలుగు అధ్యాపకుడు గనుక ప్రబంధ నాయికలను గురించియో, శతక వాఙ్మయాన్ని గురించియో వ్రాస్తాడని వారు అనుకొని ఉందురు. ఆ విషయాలపై వ్రాయగల పెద్దలు మన శాఖలోనే ఉన్నారు. నేను ఈసారి కుక్కకు ఇంటిలో బిస్కట్లు చేయుటను గురించి వ్రాయదలచినాను. నవ్వదలచినవారు ఇక్కడనే నవ్వుకొని ముందుకు సాగవచ్చును. కుక్కపిల్ల సైతం కవితకు అర్హమైన వస్తువేనని శ్రీశ్రీ చెప్పి చాలా దశాబ్దాలు గడచినవి. కవితకు లేని అభ్యంతరం వచనానికి ఉండదని నా నమ్మకం.

ఆ కుక్క మీలో చాలామందికి తెలియనిది కాదు. కళాశాల గేటు ప్రక్కన వేపచెట్టు మొదట్లో పండుకొని, వచ్చే పోయే సైకిళ్ళనూ మోటారుసైకిళ్ళనూ ఒక కంటితో చూస్తూ ఉండెడిది. ఉర్దూ శాఖ విద్యార్థులు దానిని మోతీ అని పిలిచెడివారు. తెలుగు శాఖవారు ముత్యాలు అని పిలిచెడివారు. రెండు మాటలకూ అర్థం ఒకటే. రెండు పేర్లకూ అది సమానంగా తోక ఊపెడిది. అనువాద పాఠం చెప్పే రోజున నేను ఈ ఉదాహరణను తరగతిలో వాడుకొన్నాను. దాని చెవి కొసన ఉన్న చిన్న గాటును చూచి ఎవరో ఆకతాయిలు కోసినారని కొందరు జాలిపడినారు. అది ఆకతాయి పని కాదు. పురపాలక సంఘంవారు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసినారనుటకు అది గుర్తు.

2025 నవంబరు 7వ తేదీన సర్వోన్నత న్యాయస్థానం విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడాప్రాంగణాలు, బస్సు నిలయాలు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుండి వీధికుక్కలను తొలగించి, శస్త్రచికిత్సయు టీకాలును పూర్తిచేసి ఆశ్రయాలకు తరలించవలసినదని, తిరిగి వాటిని అదే చోట విడువరాదని ఆదేశించినది. ఆ ఆదేశంలోని మంచిచెడ్డలు తర్కించుట ఈ వ్యాసం పని కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల పసివాడు వీధికుక్కల పాలబడి మరణించినాడు. ఆ వార్త విన్న తండ్రి ఎవడూ ఈ సమస్యను తేలికగా మాట్లాడలేడు. నేనూ ఒక బిడ్డకు తండ్రినే. అయినను మోతీ ఇంతవరకు ఎవరినీ కరచినది కాదు. 2025 ఆగస్టు 22 నాటి ఉత్తర్వులో న్యాయస్థానం మరొక మార్గం కూడ చూపియున్నది: వీధికుక్కను పెంచుకొనదలచినవారు పురపాలక సంస్థకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును, అట్లు తీసుకొన్న కుక్క తిరిగి వీధికి రాకుండ చూచుకొను బాధ్యత వారిదే. మన కమిటీవారు పురపాలక సంఘానికి లేఖ వ్రాయుటకు ముందే నేను ఆ దరఖాస్తు పెట్టుకొన్నాను. కుక్కతోక పట్టుకొని గోదావరి ఈదుతున్నావని ఒక మిత్రుడు హాస్యమాడినాడు. మా ప్రాంతంలో గోదావరి లేదని చెప్పి ఊరుకొన్నాను.

తీసుకొని వచ్చుట సులభమైనది, నిలుపుకొనుట కష్టమైనది. మా ఇంటికిని కళాశాలకును నడుమ రెండు కిలోమీటర్ల దూరం. మొదటి పది దినాలలో అది మూడుసార్లు తప్పించుకొని గేటు వద్దకు పోయినది. ఆ గేటు ఇప్పుడు దానికి మూసివేసిన గేటు. అక్కడ తిరుగాడుతూ పురపాలక వాహనం కంటబడితే పేరును, యజమానినీ అడిగి ఎవరూ పట్టుకొనరు. మూడుసార్లలో రెండుసార్లు శుక్రవారమే పోయినది. కుక్కకు పంచాంగం తెలియదు గాని వాసన తెలియును. శుక్రవారం హాస్టలులో బగారా అన్నం, దాల్చా. మధ్యాహ్నం పళ్ళెములలో మిగిలినదంతయు గోడ ప్రక్కన దానికి దక్కెడిది. మన విద్యార్థులు దానిని ప్రేమతోనే పెట్టినారు. అయితే మరునాడు శనివారం అది వాంతులు చేసుకొని నీడలో పడియుండెడిదని కావలివాడు తరువాత నాతో చెప్పినాడు.

పశువుల ఆసుపత్రిలో వైద్యులు దాని పెదవి ఎత్తి చిగుళ్ళు చూపించినారు. గులాబిరంగులో ఉండవలసినవి పాలిపోయి ఉన్నవి. రక్తం తక్కువగా ఉన్నదని, పిడుదుల వలన వచ్చే జ్వరం కావచ్చునని, ఉల్లిపాయ వలన కావచ్చునని, రెండును కలిసి కూడ కావచ్చునని చెప్పి మందులు వ్రాసి ఇచ్చినారు. అటుపిమ్మట ఆయన ఒక మాట అన్నారు: "మాస్టారూ, మీ వంటింట్లో ఉన్నవాటిలో సగం దీనికి విషం, సగం మందు. ఏది ఏదో తెలుసుకొని పెట్టండి." ఆ మాటతో నేను నా వంటింటిని మొదటిసారి ఒక గ్రంథాలయం వలె వెదకినాను.

ఉల్లి చేసిన మేలు తల్లి కూడ చేయదని మన సామెత. ఆ సామెత మనుషుల వరకే. ఉల్లిలోను, వెల్లుల్లిలోను ఉన్న గంధకపు పదార్థాలు కుక్క రక్తంలోని ఎర్రకణాలను చితుకగొట్టును. పచ్చివైనను, వేయించినవైనను, ఎండబెట్టి పొడి చేసినవైనను ఫలితం ఒకటే. కొద్దికొద్దిగా దినదినమూ తిన్నను హాని కూడుచునే ఉండును. మన కూరలో ముక్కలు ఏరివేసి పెట్టినామనుకొనుట వ్యర్థం, సారం అంతయు పులుసులోనే దిగియుండును గదా.

ఇక చింతపండు. ఇది నన్ను అన్నిటికంటె ఎక్కువ ఆలోచింపజేసినది. ద్రాక్షపండ్లు, కిస్‌మిస్ తిన్న కుక్కలకు మూత్రపిండాలు చెడిపోవునని పశువైద్యులకు చాలాకాలంగా తెలియును. ద్రాక్షలోని ఏ పదార్థం ఆ పని చేయునో మాత్రం తెలియలేదు. 2021లో అమెరికాలోని కొందరు పశువైద్యులు ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లాన్ని అనుమానించినారు. కేకులలో వాడే క్రీమ్ ఆఫ్ టార్టార్‌ను, చింతపండును తిన్న కుక్కలకు కూడ సరిగా అదే విధంగా మూత్రపిండాలు దెబ్బతినుట గమనించి 2022లో ఒక పత్రం ప్రచురించినారు. చింతపండు పులుపు ప్రధానంగా ఆ ఆమ్లానిదే. ఎక్కడి అమెరికా, ఎక్కడి చింతపండు! అక్కడి వైద్యులకు అది అరుదైన వస్తువు గనుక వెంటనే కంటికి ఆనినది. మనకు అది గాలి వంటిది, నీరు వంటిది. చారు, పులుసు, పచ్చడి, పులిహోర, దాల్చా - చింతపండు లేని తెలుగు వంటిల్లు ఉన్నదా? చారన్నం తిని ఏండ్లు బ్రతికిన కుక్కలు మన వీధులలో లేవా అని మీరు అడుగవచ్చును. ఉన్నవి. ఎంత చింతపండు ఏ కుక్కకు హాని చేయునో ముందుగా చెప్పగల కొలత లేదు. కొలత లేని చోట దూరముండుటే మేలని వైద్యుల మాట.

శుక్రవారపు దాల్చాలో ఉల్లి ఉన్నది, చింతపండు ఉన్నది, ఉడికిన ఎముక ఉన్నది. ఉడికిన ఎముక కొరికినప్పుడు సూదులవలె చీలి గొంతులోనో ప్రేవులలోనో గ్రుచ్చుకొనును. మూడును ఒకే గిన్నెలో! తక్కినవాటిని వేగంగా చెప్పెదను. చాక్లెట్ పనికిరాదు. చక్కెర లేనిదని గొప్పగా అమ్మే చూయింగ్‌గమ్ వంటివాటిలో కలిపే జైలిటాల్ మనకు నిరపాయం. కుక్కకు మాత్రం అది నిమిషాలలో రక్తంలోని చక్కెరను పడగొట్టును, కాలేయాన్ని చెరచును. ఉప్పు, కారం, నూనె దానికి అక్కరలేదు. పులిసిన పచ్చిపిండి దానికి అందరాదు. బూజు పట్టిన వేరుశనగ అసలే కూడదు. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం చేరిన కుక్కల ఆహారం తిని 2020 చివర అమెరికాలో పదుల సంఖ్యలో కుక్కలు మరణించినవి. వేరుశనగ పండించే మన జిల్లాలవారికి ఆ విషం పేరు కొత్త కాదు.

ఇది చదివి భయపడవలసిన పని లేదు. రెండవ సగం చూడుడు. రాగులు, జొన్నలు, గోధుమలు, ఎర్రగుమ్మడి, గెనుసుగడ్డ, క్యారెట్టు, కోడిగ్రుడ్డు, ఉప్పు వేయక ఉడికించిన కోడికాలేయం - ఇవన్నియు దానికి హితమే. నా దగ్గర చదువుకొనే ఒక విద్యార్థిని, జంతుశాస్త్రం ఐచ్ఛికంగా తీసుకొన్న అమ్మాయి, "సార్, కుక్క మాంసాహారి కదా, దానికి రాగిపిండి ఎందుకు?" అని అడిగినది. మంచి ప్రశ్న. స్వీడను దేశంలోని ఉప్సలాకు చెందిన ఎరిక్ ఆక్సెల్సన్, ఆయన సహచరులు 2013లో 'నేచర్' పత్రికలో దీనికి సమాధానం ప్రకటించినారు. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్ జన్యువు తోడేలుకు రెండు ప్రతులే ఉండగా కుక్కకు అంతకంటె ఎన్నో ఎక్కువ ప్రతులు ఉన్నవి. మనిషి సేద్యం నేర్చి గింజ తినుట మొదలుపెట్టగా, అతని గుడిసె ముందు కూర్చున్న జంతువు కూడ తరతరాలుగా ఆ గింజను అరిగించుకొనుట నేర్చినది. అనగా మన సంగటిముద్ద చరిత్ర దాని కడుపులో కూడ వ్రాయబడి ఉన్నది.

కుక్కబిస్కట్టు అనేది మాత్రం అంత ప్రాచీనం కాదు. అమెరికాలోని ఒహాయో నుండి పిడుగుతీగలు అమ్ముటకు లండను వచ్చిన జేమ్స్ స్ప్రాట్ అనే వర్తకుడు, 1860 ప్రాంతంలో, ఓడరేవు వద్ద నావికులు పారవేసిన గట్టి రొట్టెబిళ్ళలను కుక్కలు ఎగబడి తినుట చూచి, గోధుమపిండి, కూరగాయలు, బీట్‌రూటు, మాంసపు సారం కలిపి కుక్కల కొరకే బిళ్ళలు చేయించి అమ్మినాడు. 1908లో న్యూయార్కులోని ఒక బిస్కట్ల కంపెనీ ఎముక ఆకారంలో బిస్కట్టు చేసినది. నేటికిని దుకాణాలలో కనిపించే రూపం అదే. వ్యాపారం పెద్దదైనది గాని మూలం మాత్రం ఒక పిండి, ఒక కూరగాయ, ఒక మాంసకృత్తు. ఆ మూడును నా వంటింటి అలమరలో ఉండగా దుకాణానికి పోవుట ఎందుకని నేను ఆలోచించినాను.

వంటిల్లు నాది అని వ్రాసినాను గాని అది మా అమ్మీది. అసలు కథ ఇక్కడ ఉన్నది.

మా అమ్మీ ఏటా మొహర్రం నెలలో దమ్ కే రోట్ చేయును. రవ్వ, గోధుమపిండి, నెయ్యి, చక్కెర, ఏలకులు కలిపి, మందమైన అల్యూమినియం పళ్ళెంలో పరచి, కుక్కరు గిన్నెలో ఇసుక పోసి దాని మీద కాల్చును. ఆమెకు తెలిసినంత కాల్పు విద్య మా వీధిలో మరెవరికీ తెలియదు. నేను వెళ్ళి విషయం చెప్పగానే ఆమె చేతిలోని చాట క్రింద పెట్టినది.

"నా రోట్ పళ్ళెంలో కుక్కకు బిస్కట్టా, బేటా? కుక్క మూతి పెట్టిన గిన్నెను ఏడుసార్లు కడగాలని నీకు చిన్నప్పుడే నేర్పించినానే!"

నిజమే, నేర్పించినది. దప్పికతో తడిమట్టి నాకుచున్న కుక్కను చూచి, బావిలోకి దిగి తన తోలుజోడులో నీరు నింపి, నోట కరచుకొని పైకి తెచ్చి త్రాగించిన మనిషిని అల్లా క్షమించినాడనే హదీసును నాకు చెప్పినది కూడ ఆమెయే. ఆ సంగతి జ్ఞాపకం చేసినాను. ఆమె తడుముకొనలేదు. "నీళ్ళు పోసినందుకు క్షమించినాడు. రోట్ కాల్చి పెట్టినందుకని అందులో ఎక్కడుంది?" అన్నది.

గుహలో నిద్రించిన విశ్వాసుల వెంట ఒక కుక్క కూడ ఉన్నదని, దాని ప్రస్తావన ఖురానులోనే ఉన్నదని అన్నాను. "ఉంది. గడప దగ్గర కాళ్ళు చాపుకొని పండుకొన్నదని ఉంది. లోపలికి వచ్చిందని లేదు" అన్నది.

ఎం.ఏ. పట్టా ఈ తర్కం ముందు నిలువలేదు. నా వృత్తిధర్మం ప్రకారం నాకు అప్పుడు భారతం జ్ఞాపకం వచ్చినది. ఆదిపర్వం మొదటిలోనే సరమ అనే దేవశునకం కుమారుని కథ ఉన్నది గదా. ఆ కుక్కపిల్ల యాగశాలలో ఏ ద్రవ్యాన్నీ నాకలేదు, కన్నెత్తి చూడనైనను లేదు. అయినను జనమేజయుని తమ్ములు దానిని కొట్టి తరిమినారు. ఆ కావ్యం చివర ధర్మరాజు వెంట స్వర్గద్వారం వరకు నడచినది కూడ కుక్కయే. మొదట గిన్నె దగ్గర దెబ్బలు, చివర వాకిట నిరీక్షణ. రెండు చోట్లను దానికి ఒక ముద్ద వండి పెట్టినవారు కనబడరు.

ఈ ఆలోచన నన్ను మాటల వద్దకు తీసుకొనిపోయినది. భాషాధ్యాపకునికి ఏ దుఃఖం కలిగినను మాటల వద్దకే పోవును. ఆవుకు కుడితి ఉన్నది. ఎద్దుకు దాణా ఉన్నది. కోడికి, పిచ్చుకకు నూకలు ఉన్నవి. ఏనుగుకు, గుర్రానికి దినదినమూ తూచి ఇచ్చే బత్తెమునకు ఉర్దూలో రాతిబ్ అనే గౌరవమైన మాట ఉన్నది. ఊరినంతా కాపలా కాచే కుక్క తినేదానికి మన నిత్యవ్యవహారంలో ఉన్న మాట ఎంగిలి. ఎంగిలి ఒక ఆహారం పేరు కాదు. మరొకరు తిని విడిచిన స్థితి పేరు. ఉప్పు, కారం, ఉల్లి, పులుపు అన్నియు మన నాలుక కొరకు వేసుకొని, మనకు చాలినంత తిని, మిగిలినదానిని దాని ముందు పోసి, దయ చూపినామని చేయి కడుగుకొనుచున్నాము. నేను ఈ మాట అమ్మీతో కూడ అన్నాను. ఆమె కొంతసేపు చాటలోని బియ్యాన్ని చూచుచు కూర్చున్నది.

"పాత కుక్కరు ఒకటి అటక మీద ఉంది. దాని రబ్బరు పోయి నాలుగేండ్లయింది. ఒక చిల్లు పళ్ళెం, ఒక గరిటె ఇస్తాను. ఆ మూడూ మళ్ళీ నా వంటింట్లోకి రాకూడదు. పొయ్యి పెరటి వసారాలో. కుక్క గడప బయట" అన్నది. మూడు షరతులు. అన్నిటికిని ఒప్పుకొన్నాను. పళ్ళెం చిల్లు కూడ ఉపయోగమైనదే, బిళ్ళల అడుగు తడి లేకుండ కాలును.

చేసే విధానం వ్రాయుచున్నాను. రాగిపిండి ఒక కప్పు, గోధుమపిండి అర కప్పు, ఉడికించి మెదిపిన ఎర్రగుమ్మడి గుజ్జు అర కప్పు, కోడిగ్రుడ్డు ఒకటి. ఇంతే. రాగులను తెలంగాణలో తైదలని, ఉత్తరాంధ్రలో చోళ్ళని అందురు. ఏ పేరైనను గుణం ఒకటే. రాగిలో జిగురు లేదు గనుక వట్టి రాగిపిండితో చేసిన బిళ్ళ పొడిపొడి యగును. గోధుమయు గ్రుడ్డును దానిని పట్టి ఉంచును. గుమ్మడిని నీటిలో గాక ఆవిరి మీద ఉడికించవలెను. లేకున్న నీరు ఎక్కువై పిండి చేతికి అంటుకొనును. గ్రుడ్డు తినని ఇండ్లలో గోధుమపిండి మరి కొంచెం పెంచుకొనవచ్చును. ఉప్పు వేయరాదు, చక్కెర వేయరాదు, సోడా వేయరాదు. రుచి ఉండదని మీరు అనుకొందురు. రుచి చూడవలసినది మీరు కాదు.

పిండిని చపాతీ పిండి కంటె గట్టిగా కలిపి పావుగంట మూతపెట్టి ఉంచి, పావు అంగుళం మందాన ఒత్తి, బొటనవేలి గోరంత ముక్కలుగా చాకుతో గీయవలెను. నా కుమార్తె, ఐదవ తరగతి చదువుచున్నది, మందుసీసా మూతతో గుండ్రని బిళ్ళలు కోయుటకు ఇష్టపడును. కుక్కరు అడుగున రెండు వ్రేళ్ళ మందం ఇసుక పోసి, పైన ముక్కాలి పీట వేసి, రబ్బరును విజిలునూ తీసివేసిన మూత పెట్టి పది నిమిషాలు ముందుగా వేడి చేయవలెను. విజిలు తీయుట మరువరాదు. ఆవిరి పోయే దారి లేకున్న బిళ్ళ కాలదు, ఉడుకును. పైగా అపాయం. అటుపిమ్మట పళ్ళెం లోపల పెట్టి చిన్న మంట మీద అరగంట. మా కుక్కరులో రెండు వాయిలు పట్టును. పొయ్యి ఆర్పిన తరువాత వెంటనే తీయక ఆ వేడిలోనే వదలివేసినచో కరకరలాడును. విద్యుత్తు ఓవెను ఉన్నవారు 170 డిగ్రీల సెంటిగ్రేడులో ఇరువదియైదు నిమిషాలు పెట్టిన చాలును. మా సీమ ఎండలో మరునాడు ఒక పూట పలుచని గుడ్డ కప్పి మేడ మీద ఆరబెట్టుదుము. ఎంత పొడిగా ఉండునో అంత నిలువయుండును. మూత బిగువైన డబ్బాలో వారం రోజులు. మెత్తబడినను, వాసన మారినను పారవేయవలెను, కుక్క గదా అని పెట్టరాదు.

ఎన్ని పెట్టవలెను? ఈ లెక్క నా కుమార్తె చేసినది, నేను సరిచూచినాను. మోతీ పదిహేను కిలోలు. అంత బరువున్న కుక్కకు దినానికి సుమారు 850 కాలరీలు కావలెను. ఇటువంటి చిరుతిండి అందులో పదవ వంతు మించరాదని పశువైద్యుల నియమం, అనగా 85. మేము కలిపే ముద్ద మొత్తం మీద సుమారు 700 కాలరీలు. దానిని 140 ముక్కలు చేసినచో ముక్క ఒకటికి 5. కనుక దినానికి పదిహేడు వరకు సరి. మేము పదిహేనుతో ఆపుదుము. మిగిలిన ఆహారం వేరు: ఉప్పులేని అన్నం, ఉడికించిన కోడిమాంసం, క్యారెట్టు, వైద్యులు చెప్పిన కొలతలో.

ఆ పదిహేను ముక్కలు ఊరక తినుటకు కాదు. పిలిచిన వెంటనే వచ్చినప్పుడు ఒకటి, గడప దాటక కూర్చున్నప్పుడు ఒకటి. కుక్కకు విద్య నేర్పుట మన సంప్రదాయానికి క్రొత్త గాదు. నేర్పు పొందిన వేటకుక్క పట్టి తెచ్చిన జంతువు ధర్మబద్ధమేనని ఖురాను అనుమతించినది. మేము నేర్పదలచినది వేట కాదు, ఇంటికి తిరిగి వచ్చుట మాత్రమే. ఏ భాషలో పిలువవలెనని ఇంటిలో కొంత వాదం జరిగినది. నేను "ముత్యాలూ, రా" అంటిని. నా భార్య "మోతీ, ఇధర్ ఆవో" అనెడిది. పిలుపు ఒకటే మాటగా ఉండవలెనని వైద్యులు చెప్పియున్నారు. వాదం తేలకముందే మోతీ తానే ఒక భాషను ఎంచుకొన్నది. అది తెలుగు కాదు, ఉర్దూ కాదు. బిస్కట్ల రేకుడబ్బా చప్పుడు.

జనవరిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం నేను నమాజుకు పోయియుండగా పాలవాడు వాకిలి గడియ పెట్టక పోయినాడు. మోతీ వీధి మలుపు వరకు పోయినది. ఆ మలుపు నుండి కళాశాల దారి సూటిగా ఉండును. మా పాప చెప్పులు కూడ తొడుగుకొనక వీధిలోకి పరుగెత్తి డబ్బాను రెండుసార్లు ఆడించినది. కుక్క నిలిచినది. అటు చూచినది. ఇటు చూచినది. గాలి కళాశాల వైపు నుండి వీచుచున్నదో లేదో నాకు తెలియదు. పాప మరొకసారి డబ్బా ఆడించినది. అది వెనుకకు తిరిగి నడచి వచ్చి, గడప బయట తన చోటున కూర్చున్నది. ఆనాడు దానికి లెక్కలో లేని పదహారవ ముక్క కూడ దక్కినదట. నేను తిరిగి వచ్చేసరికి పాప ఆ సంగతి నాకు మూడుసార్లు చెప్పినది. అమ్మీ ఏమియు అనలేదు.

మార్చిలో చూపించినప్పుడు చిగుళ్ళు గులాబిరంగుకు వచ్చినవి. రక్తం పెరిగినది బిస్కట్ల వలననని నేను చెప్పబోను. పిడుదులకు వేసిన మందుకును, ఉల్లి మానుటకును అందులో పెద్ద వాటా ఉన్నది. బిస్కట్లు చేసినది దానిని ఇంటిలో నిలుపుట.

అటక మీది కుక్కరు ఇప్పటికిని పెరటి వసారాలోనే ఉన్నది. అమ్మీ షరతులు ఒక్కటియు సడలలేదు. అయితే ఈమధ్య ఒక సంగతి గమనించినాను. గుమ్మడికాయ కోసి పులుసు పెట్టే రోజున, చింతపండు నానవేయకముందే ఆమె ఒక పెద్ద ముక్కను ప్రక్కకు తీసి మూతపెట్టి ఉంచుచున్నది. ఎందుకని మేము అడుగలేదు.

మోతీ ఎట్లున్నదని నడవలలో నన్ను ఆపి అడిగే విద్యార్థులు ఇంకను ఉన్నారు. ఆదివారం ఉదయం ఎవరైనను వచ్చి చూడవచ్చును. రెండు పేర్లలో ఏ పేరుతో పిలిచినను పలుకును. వచ్చేవారు దయచేసి బిర్యానీ పొట్లం తేవద్దు. ఏదైనను తెచ్చితీరవలెనని అనిపించినచో ఒక పిడికెడు రాగిపిండి తెండు.